జీను ఒకటి, తాళ్ళు రెండు, తోలేవాడు ఒకటి

మన దేశంలో వీరులకు కొదవ లేదు గానీ, వాళ్ళలో నాలుగు కాళ్ళవాళ్ళకు దక్కవలసిన గౌరవం దక్కలేదని ఒక ఏడాది పైవాళ్ళకు ఉన్నట్టుండి తోచింది. ఎందుకు తోచిందని అడగకూడదు. పైవాళ్ళకు తోచడమే కారణం. తోచిన పదిహేను రోజుల్లో వీర జంతు సన్మాన విభాగం పుట్టింది. జిల్లాకొక ప్రత్యేకాధికారి, అధికారికొక జీపు, జీపుకు ఎర్రక్షరాల బోర్డు వచ్చాయి. జిల్లా కేంద్రంలో పాత విత్తనాల గోడౌనుకు నున్నటి పలకలు పరిచి, సున్నం కొట్టి, వీర జంతు విశ్రాంతి మందిరం అని పేరు రాయించారు. ఇక రావలసింది జంతువు ఒక్కటే.

గుర్రాలు, కుక్కలు, పావురాలు ఏ జిల్లాకు దొరికినవి ఆ జిల్లా పట్టుకుపోయింది. మన జిల్లాకు చుక్క మిగిలింది.

చుక్క కంచరగాడిద. నుదుట తెల్ల మచ్చ ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళ కింద మంచు కొండల్లో జరిగిన యుద్ధంలో తూటాల పెట్టెలు మోసింది. ఇప్పుడు దాని వయసు ముప్ఫై. గిద్దలూరు నుంచి ఆటోలో ముక్కాలు గంట పోతే వచ్చే గొల్లవీడులో, దూదేకుల దస్తగిరి ఇంటి పక్క రేకుల కొట్టం కింద నిలబడి, పొద్దస్తమానం ఈగలు తోలుకోవడం తప్ప దానికి వేరే పని లేదు. మోకాళ్ళు అరిగిపోయి నాలుగేళ్ళయింది. దస్తగిరి మిలిట్రీ వదిలి వచ్చేటప్పుడు తోటివాళ్ళు ట్రంకు పెట్టెలు, కంబళ్ళు తెచ్చుకుంటే, ఇతను పనికిరాదని పక్కన పెట్టిన కంచరగాడిదను బతిమాలి ఇప్పించుకుని, రైలు పెట్టెలో దాంతోపాటు నాలుగు రోజులు నిలబడి వచ్చాడు. ముందుగా జాబు రాయకుండా సవతిని వెంటబెట్టుకొచ్చాడని భార్య మాబున్నీ అప్పట్లో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, అందులో సగం చుక్కను తిట్టడానికే సరిపోయింది.

గొల్లవీడులో ఇంటికొకడు మిలిట్రీకి పోయి వచ్చినవాడే. టీకొట్టు ముందు ఒక బెంచీ ఉంది. దాని మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు, కానీ అందరికీ తెలుసు. గుండు తగిలినవాళ్ళు గోడ వైపు ఆనుకుని కూర్చుంటారు. యుద్ధం చూసినవాళ్ళు మధ్యలో. క్యాంపుల్లో వంట చేసి వచ్చినవాళ్ళు చివర, సగం గాలిలో. దస్తగిరి ఎడమ కాలు కుంటుతుంది కాబట్టి అతనిది గోడ వైపు చోటు. అతనికి ఉన్న ఆస్తి ఆ చోటూ, చుక్కా.

ఒక రోజు జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. అందులోంచి ప్రత్యేకాధికారి పరాంకుశంగారు దిగారు. ఆయన అంతకు ముందు తూనికలు కొలతల శాఖలో ఉండేవారు. ఆయన వెనక ఫైళ్ళు మోసుకుంటూ సీనియర్ అసిస్టెంటు విశాలాక్షి దిగింది. పరాంకుశంగారు చుక్కకు ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, రెజిమెంటు నుంచి తెప్పించిన పాత కాగితం చదివారు.

"కంచరగాడిద నెంబరు మూడు వందల పద్దెనిమిది, శత్రువుల కాల్పుల మధ్య, పదిహేడు వేల అడుగుల ఎత్తున గల పోస్టునకు, అనుబంధ సామగ్రితో సహా చేరుకుని, మందుగుండు అందజేసి, అసమాన ధైర్యసాహసములు ప్రదర్శించినది. అనుబంధ సామగ్రి వివరము: జీను ఒకటి, తాళ్ళు రెండు, గోనెసంచి ఒకటి, తోలేవాడు ఒకటి."

"ఆ తోలేవాణ్ణి నేనే సార్," అన్నాడు దస్తగిరి సంతోషంగా.

పరాంకుశంగారు అతన్ని కింది నుంచి పైకి చూశారు. "శుభం. ఒకటైనా దొరికింది. జీనేదీ?"

"అది మిలిట్రీలోనే ఇడిసిపెట్టినాం సార్."

"తాళ్ళు?"

"మురిగిపొయ్యింటాయి."

"రాసుకోండమ్మా," అన్నారాయన విశాలాక్షితో. "సామగ్రిలో తోలేవాడు మాత్రమే లభ్యము."

లోపలి నుంచి తొంగి చూస్తున్న మాబున్నీకి ఇది నచ్చలేదు. "ఏమయ్యా, నిన్నేమో తాళ్ళలో కలిపినట్టుండాడే," అంది. దస్తగిరి ఊరుకోమన్నట్టు చెయ్యూపాడు. గవర్నమెంటు కాగితాల్లో ఇంతకంటే ఘోరాలు అతను చూసి ఉన్నాడు.

తర్వాత విచారణ జరిగింది. గౌరవం ఇచ్చే ముందు విచారించాలని రూలు. ప్రశ్నలు నలభై రెండు. జంతువు గుర్రమా, కుక్కా, పావురమా అన్న చోట కంచరగాడిదకు గడి లేకపోవడంతో అరగంట పట్టింది. తల్లి గుర్రమనీ తండ్రి గాడిదనీ తెలిశాక పరాంకుశంగారు కాస్త ఇబ్బందిపడి, "ఇతరములు" అని రాయించారు. అసలు చిక్కు పదిహేడో ప్రశ్న దగ్గర వచ్చింది.

"సదరు జంతువు ప్రదర్శించిన ధైర్యము స్వచ్ఛందమా, ఆదేశానుసారమా, ఆకలి మూలకమా?"

దస్తగిరి అబద్ధమాడే మనిషి కాదు. "పైన పోస్టులో పంజాబీ హవల్దారు ఒకాయన దానికి రోజూ బెల్లమ్ముక్క పెట్టేవాడు సార్. బాంబులు పడతా ఉంటే తతిమ్మా కంచరగాడిదలన్నీ నిలబడిపొయినాయి. ఇది మాత్రం బెల్లం కోసం నన్ను ఈడ్చుకొని పొయ్యింది."

పరాంకుశంగారు కలం ఆపలేదు. "ఉన్నత శిఖరమున గల తోటి సైనికునిపై అనురాగము మూలకము," అని రాసుకున్నారు. "బెల్లము విషయము అప్రస్తుతము. ఇక చాలు."

"కిందికెట్లా వచ్చినామో ఇంకా చెప్పల్యా సార్."

"తిరుగు ప్రయాణము రికార్డులో లేదు. రికార్డులో లేనిది మనకు అనవసరము."

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చుక్కను జాతీయ వీర జంతువుగా గుర్తించడమైనది. ఇందుమూలముగా సదరు జంతువును సకల అనుబంధ సామగ్రితో, సాహసకార్యము నాటి యథాతథ స్థితిలో, విశ్రాంతి మందిరమునకు తరలించవలెను. మిగిలిన జీవితము అక్కడే గౌరవప్రదముగా గడుపవలెను.

ఉత్తర్వు తెచ్చిన పరాంకుశంగారి ముందు దస్తగిరి చేతులు జోడించాడు. "దానికి నేను లేకపోతే జరగదు సార్. మెడ మీద చెయ్యేస్తే గానీ గడ్డి ముట్టదు. మిలిట్రీలోనూ అంతే. నేను ఆస్పత్రిలో ఉన్న పది దినాలూ దానికి గొట్టంతో పోసినారు," అన్నాడు. కన్నీళ్ళొక్కటే తక్కువ.

"నీకు అక్కడ పోస్టు లేదు," అన్నారు పరాంకుశంగారు. "మనిషిగా నిన్ను లోపలికి రానివ్వడానికి ఏ నిబంధనా ఒప్పుకోదు. సామగ్రిగా అయితే అభ్యంతరము లేదు. పైగా తప్పనిసరి."

దస్తగిరి కలం అందుకున్నాడు. చుక్కతో ఉండనిస్తే చాలు, కాగితం మీద ఏమని రాసుకుంటే ఏముంది అనుకున్నాడు. సంతకం పెట్టబోతే విశాలాక్షి కలం వెనక్కి లాక్కుంది. సామగ్రి సంతకం పెట్టదు. ఆమె ఎర్ర రంగు డబ్బా మూత తీసి, సన్న కుంచెతో, ఆఫీసులో కుర్చీలకూ బల్లలకూ వేసినట్టే, అతని చొక్కా జేబు మీద వీ.జం.స.వి. మూడు వందల పద్దెనిమిది బై నాలుగు అని నెంబరు వేసింది. చొక్కా మారిస్తే నెంబరు పోతుంది కదా అని పరాంకుశంగారు సందేహించడంతో ముంజేతి మీద కూడా వేసింది. రంగు ఆరేదాకా చెయ్యి కదపొద్దని చెప్పింది.

మాబున్నీ చేతికి ఒక రసీదు ఇచ్చారు. అందులో ఇలా ఉంది: తోలేవాడు ఒకటి, వాడిన స్థితిలో, స్వాధీనపరచుకొనడమైనది.

"వాడిన స్థితంట," అంది మాబున్నీ. "నీకు సిగ్గు ల్యా? మనిషివా సామానువా నువ్వు?"

"దాని పక్కన ఉంటాను కదమే. ఇంకేం కావాల?"

"పో, పో. సవతి ఎనకాల్నే పో," అని ఆమె తలుపు వేసుకుంది. చుక్కనూ అతన్నీ ఎక్కించుకున్న ట్రాలీ కదిలాక తలుపు తీసి, సందు మలుపు తిరిగేదాకా చూసింది.

మందిరంలో చుక్కకు జరిగిన మర్యాదలకు లోటు లేదు. పైన ఫ్యాను, మెడలో బంతిపూల దండ, వీపు మీద జరీ అంచు పట్టుగుడ్డ, వెనక గోడకు మంచు కొండల బొమ్మ. నున్నటి పలకల మీద దాని గిట్టలు జారేవి. కాళ్ళు ఎడంగా చాపుకుని, అడుగు తీస్తే పడిపోతానన్నట్టు రోజంతా ఒక్కచోటే నిలబడేది. చూడవచ్చినవాళ్ళు ఎంత క్రమశిక్షణో అని మెచ్చుకునేవారు.

దస్తగిరిని మాత్రం దాని పక్కన ఉండనివ్వలేదు. సామగ్రి స్టోరు గదిలో ఉండాలి. స్టోరు గదికి విశాలాక్షి పొద్దున పదికి తాళం తీసి, సాయంత్రం ఐదుకు వేసేది. మధ్యలో వస్తువు కావాలంటే, కావలసినవాళ్ళు మూడు ప్రతుల్లో ఇండెంటు పెట్టి సంతకం చేయాలి. ఇక్కడ కావలసింది చుక్కకు. కాబట్టి పూటపూటకూ అటెండరు స్టాంపు ప్యాడు పట్టుకెళ్ళి, దాని ముందుకాలి గిట్టను సిరాలో అద్ది, మూడు కాగితాల మీద నొక్కించుకొచ్చేవాడు. ముద్ర సరిగ్గా పడితే దస్తగిరిని ఒక గంటకు ఇష్యూ చేసేవారు. అతను పోయి చుక్క మెడ మీద చెయ్యి వేసేవాడు. అది గడ్డి తినేది. గంట కాగానే అతన్ని తిరిగి జమ చేసుకునేవారు.

రెండో శనివారం వచ్చింది. శుక్రవారం సాయంత్రం వేసిన తాళం సోమవారం గానీ తీయరని తెలిసి, మాబున్నీ బస్సెక్కి వచ్చి, కిటికీ ఊచల్లోంచి జొన్నరొట్టె, పచ్చిమిరప్పచ్చడి అందించింది. చుక్కకు అందించేవాళ్ళు లేరు. సోమవారం పొద్దున తలుపు తీసేసరికి అది ఎక్కడ నిలబెట్టారో అక్కడే, ముందున్న గడ్డి ముట్టకుండా నిలబడి ఉంది. దస్తగిరి విశాలాక్షిని బతిమాలాడు. విశాలాక్షి చెడ్డ మనిషి కాదు. నియమావళి అంతా తిరగేసింది. సామగ్రికి భోజనం పెట్టడానికి గానీ సెలవుల్లో బయటికి తీయడానికి గానీ వీలు కనిపించలేదు. తుప్పు పట్టకుండా నెలకొకసారి నూనె రాయవచ్చని మాత్రం ఉంది. ఆమె కొబ్బరినూనె సీసా ఒకటి ఇష్యూ చేసింది. దస్తగిరి దాన్ని తలకు రాసుకుని దువ్వుకున్నాడు. ఇంతకంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

అలా మాబున్నీ తెచ్చే రొట్టెల మీద రెండు నెలలు గడిచాక సాలుసరి తనిఖీ వచ్చింది. ప్రతి వస్తువునూ రికార్డుతో సరిపోల్చి చూడాలి. బకెట్లు సరిపోయాయి. ఫ్యాన్లు సరిపోయాయి. దస్తగిరి దగ్గరికి వచ్చేసరికి పరాంకుశంగారి ముఖం చిన్నబోయింది. తూనికలు కొలతల్లో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి, తేడాను ఎలా భరిస్తారు?

అతన్ని గోడకు ఆనించి కొలిచారు. కాటా మీద నిలబెట్టారు.

"రికార్డు ప్రకారము వయస్సు ఇరవై ఆరు. ప్రస్తుతము యాభై. ఇంత తేడా ఎలా వచ్చింది?"

"ఏండ్లు గడిచినాయి సార్."

"అది సమాధానము కాదు. ఉత్తర్వులో యథాతథ స్థితి అని స్పష్టముగా ఉన్నది. జుట్టు ఉన్నట్టు రికార్డు. ప్రస్తుతము సగమే ఉన్నది. ఎడమ కాలు పనిచేయు స్థితి. ప్రస్తుతము కుంటు. ఎవరి అజాగ్రత్త వలన?"

"శత్రువులు కాల్చినారు సార్. పైకి చేరినాక తగిలింది."

పరాంకుశంగారు నియమావళి తెప్పించి చూశారు. శత్రువును సంజాయిషీ అడగడానికి వేరే మంత్రిత్వ శాఖ అనుమతి కావాలి. పైగా గుండు తగిలిన సమయానికి సామగ్రి ఎవరి ఆధీనంలో ఉన్నట్టు? వీర జంతువు ఆధీనంలో. కాబట్టి బాధ్యత చుక్కది. తన ఆధీనమందలి ప్రభుత్వ సామగ్రికి నష్టము ఎందుకు కలిగినదో ఏడు రోజుల్లో వివరించవలెనని దాని మెడలో, బంతిపూల దండ పక్కన, నోటీసు వేలాడదీశారు. ఏడు రోజులూ అయిపోయాయి. జవాబు రాలేదు.

ఎనిమిదో రోజు నిరుపయోగ వస్తు నిర్ధారణ సంఘం కూర్చుంది. మొదట చేటలు, రెండు విరిగిన స్టూళ్ళు, తర్వాత దస్తగిరి. సంఘం అతన్ని రెండుసార్లు అటూ ఇటూ నడిపించి చూసి, మరమ్మతునకు పనికిరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది. విశాలాక్షి ముంజేతి మీది నెంబరును అడ్డంగా గీత గీసి కొట్టేసింది. స్టూళ్ళతో పాటు అతన్ని గేటు బయట పెట్టి గేటు వేశారు.

అతని స్థానంలో ఇరవై ఆరేళ్ళ కొత్త తోలేవాణ్ణి తెప్పించారు. ఎత్తూ బరువూ రికార్డుతో అణువంత తేడా లేకుండా సరిపోయాయి. అతను అంతకు ముందు ఒక ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు. చుక్కను చూడగానే గోడకు అతుక్కుపోయి, ఆ రోజంతా అక్కడే ఉన్నాడు.

చుక్క గడ్డి మానేసింది.

మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండో రోజు దానా మార్చారు. మూడో రోజుకు అది నీళ్ళు కూడా ముట్టకపోవడంతో పరాంకుశంగారికి అనుమానం వచ్చింది. ఇది నిరాహార దీక్ష. ఆయన చుక్క ఎదుట కుర్చీ వేయించుకుని, సామరస్యపూర్వక వాతావరణంలో చర్చలకు ప్రభుత్వం సిద్ధమని, డిమాండ్లు ఏమిటో లిఖితపూర్వకంగా ఇవ్వవలసిందని కోరారు. అది వినలేదు. చెవులు వేలాడేసి, గేటు వైపు చూస్తూ నిలబడింది.

గేటు బయట, విరిగిన స్టూలు మీద, దస్తగిరి కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా అక్కడే ఉన్నాడు. పనికిరాదని తీసేసిన వస్తువును తిరిగి లోపలికి తేవడానికి నియమావళిలో పద్ధతి లేదు. చుక్క డొక్కలు ఎగరేయడం అతనికి ఊచల్లోంచి కనిపిస్తూనే ఉంది. ఇంకో రెండు రోజులు, అంతకు మించి బతకదని అతనికి తెలుసు. ఆ వయసు జంతువుల్ని ఎన్నిటినో పూడ్చాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా కడుక్కోవడానికి వచ్చినట్టు వచ్చి, విశాలాక్షి కొళాయి దగ్గర నిలబడింది. అతని వైపు చూడకుండా మాట్లాడింది.

"తొమ్మిదో నిబంధన ఒకటి ఉంది. సదరు జంతువు యుద్ధంలో పారిపోయిందని కళ్ళారా చూసినవాళ్ళు రాసిస్తే, గౌరవం రద్దు చేసి అదే పూట బయటికి పంపించెయ్యాలి. ఇన్నాళ్ళూ నువ్వు సామగ్రివి కాబట్టి నీ సాక్ష్యం చెల్లేది కాదు. మొన్న కొట్టేశాం కదా. ఇప్పుడు మనిషివే."

"అది పారిపోలేదమ్మా."

"అది నాకు తెలుసు, నీకు తెలుసు," అని డబ్బా మూత పెట్టుకుని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగింటికి దస్తగిరి పరాంకుశంగారి ముందు నిలబడ్డాడు. చుక్క పారిపోయిందని చెప్పాడు. 

పరాంకుశంగారు మండిపడతారని అతను అనుకున్నాడు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి లెక్క వేశారు. వీర జంతువు మందిరంలో చనిపోతే పద్నాలుగు ప్రతుల్లో సంజాయిషీ. పిరికి జంతువును గెంటేస్తే ఒక్క ఉత్తరం. "వివరముగా చెప్పు," అన్నారు ఆదరంగా. "అది పారిపోవడము నీవు చూచినావా?"

"చూసినాను సార్."

"ఎక్కడ నుండి చూచినావు? నీవు పోరాడుతూ అక్కడే నిలిచి ఉంటే, కొండ మలుపు తిరిగి పారిపోయిన జంతువు నీకు కనబడదు. పారిపోవడము ఆసాంతము చూచినవాడు, దాని వెంట పారిపోయి ఉండాలి. అవునా?"

దస్తగిరికి టీకొట్టు ముందు బెంచీ గుర్తొచ్చింది. గోడ వైపు చోటు గుర్తొచ్చింది. ఊళ్ళో పెళ్ళిళ్ళకు పిలిచేటప్పుడు, గుండు తగిలిన దస్తగిరి అని ఇంకో దస్తగిరి నుంచి వేరు చేసి చెప్పే ఆ మాట గుర్తొచ్చింది. గోడకు అవతల చుక్క గిట్ట ఒకటి పలకల మీద జారిన చప్పుడయింది.

"అవును సార్. ఇద్దరం పారిపొయినాం."

"మరి కాలు? గుండు తగిలినదని ఉంటే అది పోరాటము కిందికి వస్తుంది. సాక్ష్యము వీగిపోతుంది."

"బెణికింది సార్. పరిగెత్తేటప్పుడు."

"ఇరవై నాలుగు సంవత్సరముల నుండి బెణికియే ఉన్నది," అని పరాంకుశంగారు స్వయంగా రాసి, కాగితం ముందుకు తోశారు. ఈసారి అతని సంతకం చెల్లుతుంది. దస్తగిరి సంతకం పెట్టాడు. పెట్టాక ఏడుపు ఆగలేదు. చూసేవాళ్ళు పశ్చాత్తాపమనుకున్నారు.

ఐదు కొట్టేలోపల దండ తీశారు, పట్టుగుడ్డ తీశారు, మంచు కొండల బొమ్మ చుట్టేశారు. గేటు పాసులో పిరికి జంతువు ఒకటి, బయటికి అని రాసి పంపించేశారు. రోడ్డు మట్టి కాలికి తగలగానే చుక్క ఒళ్ళంతా ఒకసారి విదిల్చింది. దస్తగిరి మెడ మీద చెయ్యి వేశాడు. కాలవ గట్టు మీది గరికను అది గబగబా కొరుక్కు తింది. అతను దాని చెవి దగ్గర నోరు పెట్టి, "ఏమనుకోవద్దు తల్లీ," అన్నాడు. అది తింటూనే ఉంది.

బాడుగ ట్రాలీలో ఇల్లు చేరాక దస్తగిరి టీకొట్టు వైపు పోలేదు. పోవలసిన పని లేకుండానే కబురు ఊరు చేరింది. మొదట్లో ఎవరూ నమ్మలేదు. తర్వాత పేపర్లో వచ్చింది. తర్వాత గోడ వైపు చోటులో, క్యాంపులో వంట చేసి వచ్చిన పిచ్చయ్య కూర్చున్నాడు. ఎవరూ లేవమనలేదు. దస్తగిరి నీళ్ళకు పోతే పలకరించేవాళ్ళు పలకరించడం మానేశారు. మాబున్నీ ఏమీ అడగలేదు. జీవితంలో మొదటిసారి ఆమె వారం రోజుల పాటు ఎవర్నీ తిట్టలేదు. అది దస్తగిరిని తిట్ల కంటే ఎక్కువ భయపెట్టింది.

ఎనిమిదో రోజు మందిరం అటెండరు గిద్దలూరులో బస్సు దిగి, అద్దె సైకిలు మీద వచ్చాడు. ఉత్తర్వు ప్రతిని ఇంటి గోడకు, వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా అతికించాలని రూలట. మైదా జిగురు పూసి అతికిస్తుంటే మాబున్నీ చీపురు పట్టుకుని బయటికి వచ్చింది.

"అదేందో చదువు," అంది.

అటెండరు చదివాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కంచరగాడిద నెంబరు మూడు వందల పద్దెనిమిదియు, దాని తోలేవాడు దూదేకుల దస్తగిరియు, యుద్ధరంగము నుండి ప్రాణభీతితో పరుగెత్తి పారిపోయినట్లు సదరు దస్తగిరి స్వయముగా అంగీకరించినందున, వీరిరువురినీ పిరికివారుగా ప్రకటించడమైనది."

మాబున్నీ కొట్టం వైపు తిరిగింది. దస్తగిరి చుక్క మోకాళ్ళకు ఆముదం పట్టిస్తూ తల వంచుకుని ఉన్నాడు.

"ఏమయ్యా. నేనెప్పుడూ అడగల్యా. ఇప్పుడు అడుగుతుండా. ఆ పొద్దు కొండ మింద నుంచి కిందికి ఎట్లొచ్చినారు మీరు?"

దస్తగిరి ఆముదం గిన్నె పక్కన పెట్టాడు.

"పెట్టెలు దించినాక నా కాలికి తగిలింది. మోసకొచ్చేదానికి మనుషులు ల్యా. ఎవరి పోస్టు వాళ్ళు ఇడిసేదానికి ల్యా. దీని తోక పట్టుకున్నా. నడిచింది. నేను పడితే నిలబడేది. పైన బాంబులు పడతానే ఉండాయి. నేను లేసి మళ్ళా తోక పట్టుకునే దాకా నిలబడేది. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు బయల్దేరితే, డేరాలు కండ్లబడే కాడికి పొద్దు గూకింది." అతను తల ఎత్తాడు. "పారిపొయ్యేటోళ్ళు అంత మెల్లగా నడుస్తారామే?"

మాబున్నీ చుక్కను చూసింది, అతన్ని చూసింది, గోడ మీది కాగితాన్ని చూసింది. కళ్ళు కొంగుతో తుడుచుకుంది. తర్వాత సైకిలెక్కబోతున్న అటెండరును పిలిచింది.

"ఓ అబ్బయ్యా, వంకరగా అతికించినావు. పీకి సరిగ్గా అతికించిపో. ఈ దోవన పొయ్యే ప్రతివాడికీ కనపడాల."